శ్రీపర్వత దర్శనము

మంచుకొండల నడుమ నున్న బౌద్ధదేశములను గూర్చి వినినప్పుడు మనవారికి కలుగు కుతూహలము మిక్కుటము. టిబెట్టు, భూటాను, సిక్కిము మున్నగు సీమలలోని విహారములను, గాలికి రెపరెపలాడు మంత్రపతాకములను, ఎఱ్ఱని వస్త్రములు దాల్చిన లామాలను చూచి రావలెనని కలవారు వేలకు వేలు వ్యయపఱచి పోవుచున్నారు. పోవుట మంచిదే. కాని ఆ కొండదేశములవారు తమ ధర్మమునకు పుట్టినిండ్లుగా ఎంచి చేతులు మోడ్చు స్థలములలో కొన్ని మన తెలుగుసీమయందే కలవనియు, నెల్లూరు సముద్రతీరమునుండి బయలుదేరి మూడుదినములలో వానిని దర్శించి మరల ఇల్లు చేరవచ్చుననియు ఎఱిగినవారు తక్కువ.

ఇందులకు ఒక్క నిదర్శనము చాలును. లాసా నగరము చెంత 1416లో స్థాపింపబడిన డ్రెపుంగ్ విహారము టిబెట్టునందలి మహావిహారములలో నొకటి. ఆ భాషలో ఆ పేరునకు 'బియ్యపు రాశి' యని అర్థము. అది కృష్ణాతీరమందలి మన ధాన్యకటకము పేరునకు అనువాదమే. బుద్ధభగవానుడు ధాన్యకటక స్తూపమునొద్ద కాలచక్ర తంత్రమును ఉపదేశించెనని టిబెట్టువారి సంప్రదాయము చెప్పుచున్నది. ఆ విశ్వాసముచేతనే 2006 జనవరిలో దలైలామా అమరావతికి విచ్చేసి కాలచక్ర దీక్షామహోత్సవమును జరిపెను. హిమాలయ సీమలనుండి వేలకొలది భక్తులు ఆ ఉత్సవమునకు వచ్చిరి. ద్రావిడభాషలలో 'నెల్లు' అనగా వరి. నెల్లూరు పేరునకు ఆ అర్థమును చెప్పువారును కలరు. వరిపేరు గల ఊరివారు ధాన్యపురాశి పేరు గల ఊరిని చూచి రాకుండుట పాడి కాదు.

యాత్రకు బయలుదేరుటకు ముందు, ఈ తీరమునకు ఆ చరిత్రతో గల పొత్తును కొంత తలచుకొనుట మంచిది. 1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు రాతిగుట్ట ప్రక్కను దున్నుచుండగా నాగలి ఇటుకకట్టడమునకు తగిలెను. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక కుండయు కనబడినవి. ఆ కుండలో క్రీస్తుశకము రెండవ శతాబ్ది నాటి రోమను చక్రవర్తుల బంగారు నాణెములు ఉండెను. రైతు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. అందు పెక్కులు కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి సంపాదింపగలిగెను. అప్పటి చెన్నపట్టణపు గవర్నరు డేవిడ్‌సన్ వానినుండి రెండింటిని ఎన్నుకొనెను. వానిలో ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, రెండవది ఫాస్టీనా రాణిది. ఆయన వ్రాసి ప్రకటించిన లేఖవలననే ఈ సంగతి నేడు మనకు తెలియుచున్నది. కరగిన నాణెములపై ఎవరి రూపములు ఉండెనో, ఏ అక్షరములు ఉండెనో ఇక చెప్పగలవారు లేరు.

తరువాతి కాలపు మాట ఒకటి కలదు. క్రీ.శ. 639, 640 ప్రాంతములలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమునుండి కాంచీపురమునకు పోవుచు త్రోవలో 'చులియ' దేశమును వర్ణించెను. దానిని పినాకినీ పరీవాహములోని రేనాటి చోళుల సీమగా చరిత్రకారులు పలువురు గుర్తించినారు. అడవులును చిత్తడినేలలును హెచ్చుగా గల దేశమనియు, జనులు తక్కువయనియు, బందిపోట్లు బాహాటముగా తిరుగుచుందురనియు, సంఘారామములు పాడుపడియున్నవనియు అతడు వ్రాసెను. అశోకుడు కట్టించినదని చెప్పబడు స్తూపమొకటి ఆ నగరమునకు ఆగ్నేయమున ఉండెనట. అనగా పదమూడు వందల యేండ్లకు పూర్వమే మన వైపు బౌద్ధము శిథిలమై యుండెను. పాడుపడిన గోడలను కూడ విడువక వ్రాసిపెట్టిన ఆ పరదేశి పుణ్యమున ఈ మాత్రమైన తెలియుచున్నది.

ఇక యాత్ర. మొదటినాడు నెల్లూరునుండి ఒంగోలు మీదుగా గుంటూరు చేరి, అచ్చటినుండి అమరావతికి పోవలెను. కృష్ణ ఒడ్డున అమరలింగేశ్వరస్వామి ఆలయము, దానికి కొంతదూరమున మహాస్తూపపు పునాదులు కలవు. ఒకనాడు ఇచ్చట సుమారు 160 అడుగుల వ్యాసము గల స్తూపము పాలవంటి సున్నపురాతి పలకలతో మెఱయుచుండెను. ఆ పలకలపై బుద్ధుని చరిత్రయు, జాతకకథలును చెక్కబడినవి. ప్రాచీన శిల్పులు బుద్ధుని మనుష్యరూపమున చూపక బోధివృక్షముగను, ధర్మచక్రముగను, పాదముద్రలుగను చూపిరి. ఖాళీ ఆసనమును, దాని చుట్టు మ్రొక్కుచున్న జనమును కనుగొన్నచో, ఆ ఆసనముపై శిల్పి మనసున ఎవరు కూర్చుండిరో యాత్రికుడు గ్రహింపవలెను.

కాని నేడు అమరావతిలో చూడగలిగినది పచ్చిక మొలచిన గుండ్రని దిబ్బయు, మ్యూజియములోని కొన్ని శిలలును మాత్రమే. దీనికి కారణమును చెప్పుకొనుటకు సంకోచింపరాదు. ఆ దిబ్బను జనులు దీపాలదిన్నె యని పిలుచుచుండిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన రాజధానిని అచ్చటికి మార్చి నూతన నగరమును కట్టించుచుండగా, ఇటుకలకును రాళ్లకును పనివారు ఆ దిబ్బను త్రవ్విరి. ఆ రాజు మహాదాత, అనేకాలయములను ఉద్ధరించినవాడు. ఆ దిన్నెలో నున్నదేమో చెప్పగలవారు మాత్రము ఆయన చెంత ఎవరును లేకుండిరి. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి శిల్పములను చూచి అచ్చెరువొందెను. ఆయన 1816లో మరల వచ్చునప్పటికి దిన్నె నడిమిభాగము చెఱువుగా త్రవ్వబడి యుండెను. మెట్లుగా పాతబడిన పలకలు కొన్ని, కాల్చి సున్నము చేయబడినవి మరికొన్ని. 1845లో వాల్టరు ఎలియట్ వెలికి తీయించిన శిలలు మొదట చెన్నపట్టణమునకును, తరువాత లండనుకును చేరినవి. ఇప్పుడు నూరుకు పైగా పలకలు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ఉన్నవి. చెన్నపట్టణమున ఎగ్మూరు మ్యూజియములో మిగిలినవానిలో నాళగిరి యను మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథను చూపు పలక లోకప్రసిద్ధము. వీథిలో చెదరి పరుగిడు జనము, మేడలపైనుండి తొంగిచూచు స్త్రీలు, చివరకు పాదములకడ ఒదిగిన ఏనుగు, అంతయు ఒక్క గుండ్రని రాతిలో ఇమిడియున్నది. చెన్నపట్టణము నెల్లూరువారికి గుంటూరుకంటెను దగ్గఱ. పనిమీద పోవువారు ఒక పూట అచ్చట గడుపుట తగును.

రెండవనాడు సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్లకు పయనము. ఇది పల్నాడు. ఇరుప్రక్కల కనబడునది సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు పేరుపొందిన ఊరు. అమరావతి శిల్పులు ఉలిపెట్టినదియు ఈ సీమ రాయియే. అదే రాయి ఒకని చేత జాతకకథ యగును, మఱియొకని చేత గోడకు పూయు సున్నమగును. బ్రహ్మనాయుడు, నాగమ్మల కథ తెలిసినవారు మాచర్లలో చెన్నకేశవుని సేవించి ముందునకు సాగుదురు. అచ్చటినుండి నల్లమల కొండల అంచున విజయపురి దక్షిణము చేరవచ్చును.

మాచర్ల పేరు వినగానే బౌద్ధచరిత్ర చదువువారు స్మరింపవలసిన పేరు మఱియొకటి కలదు. కొండల నడుమ కృష్ణ వంపు తిరిగినచోట నాగార్జునకొండ లోయ ఉండెను. లోయలో చిన్న పల్లెలు, అడవి, అక్కడక్కడ దిబ్బలు, నేలనుండి పైకివచ్చిన రాతిస్తంభములు. పశువులకాపరులు ఆ స్తంభములకు చేరగిలబడుచుండిరి. 1926లో సూరపరాజు వేంకటరామయ్య యను ఉపాధ్యాయుడు ఆ ప్రాచీనస్తంభమును చూచెను. చూచి ఊరకుండక ప్రభుత్వమునకు తెలియజేసెను. చెన్నపట్టణపు శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా నుండిన రంగస్వామి సరస్వతి వచ్చి పరీక్షించి, ఇది సామాన్యస్థలము కాదని నిశ్చయించెను. అంతట 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్‌యు, 1938లో టి. ఎన్. రామచంద్రన్‌యు త్రవ్వకములు జరిపిరి. దిబ్బల క్రిందనుండి స్తూపములు, విహారములు, శాసనములు బయటపడినవి. క్రీ.శ. మూడవ శతాబ్దిలోను, నాల్గవ శతాబ్ది ఆరంభమునను తెలుగుదేశమును ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇదియే యని స్థిరపడెను. శాసనములలో ఈ కొండసీమ పేరు శ్రీపర్వతము. శ్రీశైలమునకును ఆ పేరు కలదు. రెండును నల్లమల సంతానమే.

నెల్లూరు రైతుకు దొరకినది బంగారము, అమరావతి పనివారికి దొరకినది పాలరాతివంటి శిల్పము, ఈ ఉపాధ్యాయునికి దొరకినది ఒక మోడుస్తంభము. మొదటి రెండు నిధులు చాలవఱకు నశించినవి. మూడవదానివలన ఒక రాజవంశమే తిరిగి వెలుగులోనికి వచ్చెను. ఈ భేదమునకు కారణము చూచినవాని చదువే.

అయితే ఆ లోయకు మఱియొక పరీక్ష కాచుకొనియుండెను. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆనకట్ట లేచినచో లోయ మునుగును. అందుచేత 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున లోయ నంతటిని త్రవ్వి పరిశీలించిరి. పాతరాతియుగపు పనిముట్లు మొదలుకొని మధ్యయుగపు కోటవఱకు మానవచరిత్ర యంతయు అచ్చట పొరలుపొరలుగా కనబడెను. ముప్పదికి పైగా బౌద్ధసంస్థల శిథిలములు బయటపడినవి. ముఖ్యమైన కట్టడములను ఇటుకకు ఇటుకగా, రాతికి రాతిగా విప్పి, కొండమీదను, తూర్పుగట్టున అనుపు కడను మరల కూర్చిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. రెండవనాటి సాయంకాలము అనుపు చూచుటకు తగిన సమయము. నలువైపుల మెట్లతో నున్న ప్రాచీన రంగస్థలము అచ్చట కలదు. నడుమ నిలిచి మెల్లగా పలికిన మాట పై మెట్టువఱకు వినబడును.

మూడవనాడు విజయపురి దక్షిణమునుండి లాంచిలో నాగార్జునకొండకు పోవలెను. చుట్టును నీరు, దూరమున నల్లమల కొండలు. లాంచి పోవుచున్న నీటి క్రిందనే విజయపురి వీథులు ఉన్నవని తలచినప్పుడు ఎట్టివానికైనను ఒక క్షణము మాట పెగలదు. ఒకనాడు లోయను కాచిన కొండ ఇప్పుడు ద్వీపమైనది.

కొండపైని మహాచైత్యము 106 అడుగుల వ్యాసము కలది. దాని పునాదిని పైనుండి చూచినచో బండిచక్రమువలె కనబడును. నడుమ కుంభి, చుట్టును ఆకులు, వెలుపల పట్టా, అన్నియు ఇటుక గోడలే. నడుమనున్న అరలను మట్టితో నింపి పైన కట్టిరి. ధర్మచక్రమును నేలలోనే నిలిపి దానిమీద స్తూపమును లేపిరన్నమాట. త్రవ్వకములలో ఇందలి ఒక అరయందు వెండితో చేసిన చిన్న స్తూపాకారపు భరిణెయు, దానిలో బంగారు భరిణెయు, అందు చిన్న ఎముకతునుకయు దొరకినవి. ఆ ధాతువు సారనాథ విహారమునకు చేరెను.

ఈ మహాచైత్యమును ఉద్ధరించినది రాజు కాదు, రాజుగారి మేనత్త. వీరపురుషదత్తుని ఆఱవ పాలనాసంవత్సరమున చాంతిసిరి ఈ ధర్మకార్యమును చేసినట్లు స్తంభశాసనములు చెప్పుచున్నవి. ఆమె అన్నగారగు చాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాది క్రతువులను చేసిన వైదికధర్మపరుడు. అన్న యజ్ఞము చేసెను, చెల్లెలు స్తూపమును కట్టించెను. ఒక్క ఇంట రెండు ధర్మములు కలహింపక కాపురము చేసినవి. లోయలో విహారములకు తోడు పుష్పభద్రస్వామి, సర్వదేవుడు మున్నగు దేవతల ఆలయములును ఉండెను. మతము పేరిట ఇరుగుపొరుగులు దూరమగు కాలములలో ఈ శాసనములు చదువదగినవి.

రాణులు, రాజబంధువులు మాత్రమే దాతలు కారు. బోధిసిరి యను ఉపాసిక శాసనము మఱింత ఆసక్తికరము. ఆమె రాజకుటుంబమునకు చెందినది కాదు. కోష్ఠాగారికుని, అనగా ధాన్యాగారపు అధికారి ఇంటి ఆడపడుచు. తామ్రపర్ణి, అనగా సింహళద్వీపపు స్థవిరులకొఱకు చుళ్లధర్మగిరిపై ఆమె ఒక చైత్యగృహమును కట్టించెను. కాశ్మీరము, గాంధారము, చీనా, కిరాతదేశము, తోసలి, వంగము, వనవాసి, యవనదేశము, ద్రమిళము మున్నగు దేశములను ధర్మమున ప్రసన్నము చేసినవారని ఆ స్థవిరులను శాసనము కొనియాడుచున్నది. మంచుకొండల కాశ్మీరగాంధారములు, సముద్రము నడిమి సింహళము, ఒక్క వాక్యమున ఒక్క తెలుగు కొండమీద కలిసినవి.

ఆమె దానముల పట్టీ గ్రామలెక్కవలె నిక్కచ్చిగా నున్నది. సింహళవిహారమున బోధివృక్షమునకు ఆలయము, మహాధర్మగిరిలో ఒక గది, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలమున చెఱువును మండపమును, కంటకసెలలో మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతిమండపము. కంటకసెల యనగా నేటి ఘంటసాల. టాలమీ యను యవనుడు తన భూగోళమున పేర్కొనిన రేవు అదియే. ఎచ్చట ఏమి ఇచ్చినదో తేటగా వ్రాసి, పుణ్యమును తల్లిదండ్రులకును, బంధువులకును, మిత్రులకును పంచి, ఆమె తన పద్దును ముగించెను. ఆమె కట్టించిన గదులలో ఎక్కువభాగము ఏనాడో పడిపోయినవి. నేడు నిలిచియున్నది ఆ పద్దే.

మ్యూజియములో నిలువెత్తు బుద్ధప్రతిమను, జాతకఫలకములను చూచుచు నాగార్జునాచార్యుని తలపకుండుట కష్టము. శూన్యవాదమును స్థాపించిన ఆ మహామేధావి తన మిత్రుడగు శాతవాహనరాజునకు నీతులు బోధించుచు 'సుహృల్లేఖ' యను లేఖ వ్రాసెనని ప్రసిద్ధి. అది చీనా, టిబెట్టు భాషలలో అనువదింపబడి, ఈ నాటికిని హిమాలయ విహారములలో పాఠ్యగ్రంథముగా నున్నది. శ్రీపర్వతము ఆయన నివాసమని టిబెట్టు సంప్రదాయము. కొండకు ఆయన పేరు తరువాతి కాలమున వచ్చినది. ఇక్ష్వాకుల శాసనములలో శ్రీపర్వతమను పేరే కనబడును. రాజునకు వ్రాసిన ఒక ఉత్తరము మంచుకొండలు దాటి పదునెనిమిది వందల యేండ్లకు పైగా బ్రతికినది.

తిరుగు లాంచిలో యాత్రికునికి ఒక ప్రశ్న తోచక మానదు. ఇంతటి నగరమును ముంచుట న్యాయమా? సాగరపు కాలువల క్రింద గుంటూరు, ప్రకాశము, కృష్ణా, నల్లగొండ, ఖమ్మము సీమలలో లక్షలాది ఎకరములు పండినవి. లోయలోని పల్లెలవారు తమ ఇండ్లను, పొలములను విడిచి లేచిపోయిరి. ఎగువన శ్రీశైలమునుండి తెలుగుగంగ కాలువద్వారా వచ్చు కృష్ణాజలము సోమశిల, కండలేరులు చేరి నెల్లూరుసీమను తడిపి, 1996 నుండి చెన్నపట్టణపు దాహమును తీర్చుచున్నది. రెండు శ్రీపర్వతముల చెంతను కృష్ణను నిలిపిరి. ఆ నీటితో పండిన అన్నమును తినుచు ఆనకట్టను నిందించుట తగదు. మునిగిన నగరమును మఱచుటయు తగదు. ఆకలిగొన్నవానికి అన్నము ముందు, కాని అన్నము తిన్నవాడు తాను ఎవరి ఇంటిని ముంచి తినుచున్నాడో తెలిసికొనియుండవలెను. ఆ జ్ఞానమైనను దక్కుటకు కారణము ముంపునకు ముందు సాగిన ఆఱేండ్ల త్రవ్వకము, దానికి మూలము ఒక ఉపాధ్యాయుని లేఖ.

మన తీరమున ఇసుక తిన్నెలు, పాటిదిబ్బలు, పాడుగుళ్లు కొదువ లేవు. నాగలికి ఇటుక తగులుట, చెఱువుపూడికలో బొమ్మరాయి కనబడుట, ఇల్లు కట్టుటకు పునాది తీయగా పాతకుండ దొరకుట అరుదు కాదు. అట్టివి దొరకినప్పుడు పగులగొట్టుటగాని, పూడ్చుటగాని, కంసాలికి అమ్ముటగాని పనికిరాదు. నేలలో దొరకిన నిధి వెల పది రూపాయలు దాటినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించినది. చట్టము మాట యటుంచి, దొరకినచోటు, తేదీ, లోతు, ఆకారము ఒక కాగితముపై వ్రాసి పురావస్తుశాఖకు పంపుట ఎవరికైనను సాధ్యము. నెల్లూరు రైతు చెడ్డవాడు కాడు. తన చేతిలోనిది ఏమో చెప్పెడు పుస్తకముగాని, చెప్పెడు మనిషిగాని ఆయనకు దగ్గఱ లేకుండెను.

గ్రామమునకు గ్రంథాలయము ఉండవలసినది ఇందుకే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెఱచుకొనియున్నది. ఇందు చదువుకొనిన బాలుడొకడు రేపు పొలముగట్టున ఒక మోడురాతిని చూచి నిలిచి, దానిపై అక్షరములు కలవేమో యని మట్టి తుడిచి చూచినచో, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే. శ్రీపర్వత యాత్రకు శక్తి గలవారు పోయి రావలెను. పోలేనివారు ఇచ్చటి బల్లలపై కూర్చుండి చదువవలెను. గ్రంథాలయము ఆచంద్రార్కము వర్ధిల్లుగాక!